ఆరి వెలిగే హెడ్‌లైటు
గతుకుల్లో ఆరిపోయే బండి హెడ్‌లైటు మెకానిక్ దగ్గర చక్కగా వెలుగుతోందా? అప్పుడు వైరు విప్పి ఓమ్‌లు కొలిస్తే లాభం లేదు. లోపల ఒకటి రెండు పోగులే మిగిలినా మీటరు దాదాపు సున్నా చూపిస్తుంది. 35 వాట్ల బల్బుకు కావలసిన 3 ఆంపియర్లు వాటికి భారమే. అందుకే లైటు వెలుగుతుండగానే కొలవాలి.

మల్టీమీటర్‌ను డీసీ వోల్టులకు తిప్పి, ఒక మొనను బ్యాటరీ నెగటివ్‌కు, రెండోదాన్ని బల్బు ఎర్త్ వైరుకు ఆనించండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్‌ను అనుమానించాల్సిందే. పాజిటివ్ వైపూ ఇలాగే చూడండి. తర్వాత వైర్ల కట్టను, ముఖ్యంగా హ్యాండిల్ మలుపు దగ్గర, మెల్లగా కదపండి. అంకె ఎగిరిన చోటే వెతకండి. అతి తక్కువ, అతి ఎక్కువ అంకెలను గుర్తుంచుకునే మిన్-మ్యాక్స్ సదుపాయం ఉన్న మీటరైతే మరీ మేలు. దయచేసి, లోపం దొరక్కుండా పార్టులు మార్పించకండి.