టాంకరు గాలి స్ప్రింగులు: మన చేయి ఎంతవరకు, మెకానిక్కు పని ఎక్కడినుంచి?

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



సొంత టాంకరు నడిపే సంఘాల లెక్కలు తనిఖీ చేసేటప్పుడు మాకు రెండు రకాల ధోరణి కనిపిస్తుంటుంది. ఒకచోట చిన్న గాలి లీకుకు కూడా వర్క్‌షాపువారు ఎంత వేస్తే అంత చెల్లిస్తారు. మరొకచోట మెకానిక్కు కూలీ మిగులుతుందని డ్రైవరు చేతికే పానాలు ఇచ్చి బండి కిందికి పంపుతారు. మొదటిది సభ్యుల సొమ్ముకు నష్టం. రెండవది మనిషి ప్రాణానికి ముప్పు. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయాలో చెప్పడమే మా ఉద్దేశం.

మన బండ్లలో చాలావాటికి నేటికీ కమాను కట్టలే ఉన్నాయి. 2001లో వోల్వో బస్సులు మన దేశంలో తిరగసాగాక గాలి స్ప్రింగుల సుఖం ప్రయాణికులకు తెలిసింది. కొన్ని టాంకర్లకూ ఆ ఏర్పాటు ఉన్నది. ఇంజను నడిపే కంప్రెసరు గాలిని టాంకుల్లో నింపుతుంది. అందులో ముందు వాటా బ్రేకులది. మిగిలిన గాలి లెవలింగ్ వాల్వు ద్వారా ఇరుసు మీది రబ్బరు బెలూన్లలోకి పోతుంది. బండి కుంగితే ఆ వాల్వు గాలి ఎక్కిస్తుంది, లేస్తే వదులుతుంది.

ఒక బెలూను దిగిపోతే మనకేమి నష్టమని అడగవచ్చు. టాంకరు ఒక పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన టాంకరులో డిప్ కర్ర పెడితే కొలత తప్పు చూపుతుంది. పాలు పూర్తిగా దిగక అడుగున నిలిచిపోవచ్చు. పంపినచోట ఒక అంకె, దింపినచోట మరొక అంకె వస్తే తగవు కార్యదర్శి మెడకు చుట్టుకుంటుంది. అందుచేత ఒరిగిన బండిని డిప్ కర్రతో కొలవవద్దు, వేబ్రిడ్జి తూకమే తీసుకోండి.

ఇక మన చేతిలోని పనులు. ఉదయం బండి తీసేముందు డ్రైవరు చుట్టూ తిరిగి రెండు పక్కలా ఎత్తు సమానంగా ఉన్నదా చూడాలి. గాలి టాంకుల డ్రెయిన్ వాల్వు లాగి, లోపల చేరిన నీటిని వదలాలి. నీరు మాటిమాటికీ వస్తున్నా, నూనె కనిపించినా ఎయిర్ డ్రయ్యరును మెకానిక్కుకు చూపాలి. బండి నిలిపి ఉండగా గాలి ముల్లు త్వరగా పడిపోతుంటే లీకు ఉన్నట్లే. ఇంజను ఆపి, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, కిందికి దూరకుండా పక్కనుంచి చేయి అందే పైపు జాయింట్ల మీద సబ్బు నీళ్లు పూస్తే బుడగలు లేచేచోటే లీకు. బెలూను రబ్బరు పగిలిందా, దేనికైనా రాసుకుంటున్నదా టార్చి వేసి చూడవచ్చు. ఇవన్నీ తారీఖుతో లాగ్ బుక్కులో రాయాలి. దీనికి అయ్యే ఖర్చు సబ్బు ముక్క.

మన చేతిలో లేని పనులు కూడా గట్టిగా చెబుతాము. 10,000 లీటర్ల పాలు సుమారు 10,300 కిలోల బరువు. దానికి తోడు బండి బరువు. బెలూను ఒక్కసారిగా గాలి వదిలితే బాడీ కిందికి కూర్చుంటుంది. నడుమ ఉన్న మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు. కేవలం గాలి మీదనో జాకీ మీదనో నిలిచిన బండి కిందికి ఎవరూ పోరాదు. గాలి ఉండగా పైపు విప్పరాదు. లెవలింగ్ వాల్వు చేతిని కదిలించరాదు. బెలూను దగ్గర వెల్డింగు పెట్టరాదు. బ్రేకుల గాలిని విడిగా కాపాడే వాల్వు ఉన్నది గదా అని లీకు బండిని రోడ్డెక్కించరాదు. బెలూను మార్పిడి, వాల్వు సర్దుబాటు మెకానిక్కు పని. అదీ పాలు దింపిన తరువాత, సరైన స్టాండ్ల మీద.

అయితే మెకానిక్కుకు అప్పగించడమంటే కళ్లు మూసుకోవడం కాదు. సభ్యుడి పాలను పరీక్షించకుండా ధర కట్టము గదా! లీకు పైపు జాయింటులో ఉన్నదని మన సబ్బు నీళ్లు చూపితే బెలూను మార్పించనక్కరలేదు. నిజంగా బెలూనే పోతే, ఎందుకు పోయిందని అడగండి. షాక్ అబ్జార్బరు పాడైనా, ఎత్తు సరిగా లేకపోయినా కొత్త బెలూను కూడా నిలవదు. తీసిన పాత సామాను చూపించమనండి. బిల్లులో సామాను ధర, కూలీ విడివిడిగా రాయించండి.

చివరగా ఒక మనవి. రాత్రివేళ పాలు నిండిన బండి దారిలో ఆగితే డ్రైవరు మీద అన్ని వైపులనుంచి ఒత్తిడి వస్తుంది. పాలు చెడతాయన్న భయంతో అతడు కిందికి దూరుతాడు. ఆ ఘడియలో ఆలోచించడం ఎవరివల్లా కాదు. కనుక పాలకవర్గం ముందే తీర్మానం చేయాలి: ఏ మెకానిక్కును పిలవాలి, కార్యదర్శి ఎంతవరకు సొంత నిర్ణయంతో ఖర్చు చేయవచ్చు, పాలు మార్చుకోవడానికి ఏ టాంకరును రప్పించాలి. "డ్రైవరు బండి కిందికి పోరాదు" అన్న వాక్యం అందులో విధిగా ఉండాలి. ఆ తీర్మానం నకలు ఒకటి బండిలోనే ఉంచండి.

పాలు పోతే ఆ నష్టం మరునాటి పుస్తకంలో రాసుకోగలము. మనిషి పోతే రాయడానికి మన పుస్తకాలలో పద్దు లేదు. సెలవు.