పుష్యమాసపు దిగులు

పుష్యమాసం రాగానే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు ఇండ్లలో మాటలు తగ్గుతాయి. పూర్వం బెంగాల్ నాగపూర్ రైల్వేలో కొలువుకై వచ్చి స్థిరపడిన కుటుంబాలెన్నో అక్కడ ఉన్నవి.

శీతకాలపు విషాదాన్ని 1984లో అమెరికాలో నార్మన్ రోసెంథాల్ ప్రభృతులు వర్ణించి, వెలుతురు తగ్గడంతో దానికి సంబంధమున్నదన్నారు. బిలాస్‌పూర్‌కు ఆ కారణం అంతగా పొసగదు. డిసెంబరులో సైతం అచటి పగలు 10 గంటలకు తగ్గదు. అక్కడి లోటు వేరు. బండ్లకు పండుగ సెలవు లేదు. భోగినాటి రాత్రి ఇంటి యజమాని ఏ మాల్‌గాడీ నడుపుతూనో ఉంటాడు. కోర్బా–విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో పొరుగువారు ఊరికి వెళ్ళిపోతారు. ఇల్లాలు ముగ్గు వేసినా చూచేవారుండరు.

సంక్రాంతికి కాస్త అటూ ఇటూగా, పుష్య పున్నమినాడు, ఛత్తీస్‌గఢ్‌లో ఛేర్‌ఛేరా వస్తుంది. కొత్త పంట ఇల్లు చేరిన వేళ పిల్లలు సంచులతో గడపగడపకూ తిరిగి వడ్లు అడుగుతారు. హరిదాసు అక్షయపాత్రలో బియ్యం పోసి పెరిగిన తెలుగు ఇల్లాలికి ఇందులో కొత్తేమున్నది? తలుపు తీసి దోసెడు గింజలు పోస్తే, ఆ పిల్లల తల్లులతో మాట కలుస్తుంది. (వడ్లు లేకుంటే బియ్యమైనా సరే, పిల్లలు తప్పుపట్టరు.)

అయితే రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి చెడి, బ్రతుకుమీద విరక్తి కలిగితే పండుగలతో సరిపుచ్చరాదు. అది జబ్బు. వైద్యుని చూడవలె. 2022లో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరుపై ఫోను చేసి తెలుగులోనే చెప్పుకొనవచ్చును.