థైరాయిడ్ మాత్ర, పొద్దుటి కాఫీ

రిక్కార్టన్ నుంచి మాట్లాడుతున్నాను. నేను డాక్టర్ని కాను, 11 ఏళ్ళుగా హాషిమోటో థైరాయిడ్‌తో కాపురం చేస్తున్న మనిషిని. కాబట్టి నా మాట విని మోతాదు మార్చుకోకండి. మీ జీపీని అడగవలసినవి మాత్రం రాసుకోండి.

హాషిమోటో అంటే ఏదో మోటార్ సైకిల్ కంపెనీలా వినిపిస్తుంది గానీ, 1912లో ఈ జబ్బును వర్ణించిన జపాన్ వైద్యుడి పేరది. మన ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేస్తుంది. గ్రంథి ఇవ్వలేని హార్మోన్‌ని లీవోథైరాక్సిన్ మాత్రగా వేసుకుంటాం. మరి మాత్ర వేసుకుంటున్నా, రిపోర్టు నార్మల్ అంటున్నా, నీరసం పోదేం?

పోయిన చలికాలం ఫోన్లో ఈ మాటే అంటే గుంటూరులో ఉన్న మా ఆడపడుచు, "వదినా, ఇంకో పాతిక పెంచి చూడరాదూ, మా పక్కింటావిడ అలాగే చేసింది" అంది. నేను పెంచలేదు. ఈ మందు ఒంట్లోంచి సగం పోవడానికే దాదాపు వారం పడుతుంది. మోతాదు మారిస్తే టీఎస్‌హెచ్ నిలకడకు రావడానికి 6 నుంచి 8 వారాలు. ఈ వారం పెంచి, పై వారం తగ్గిస్తే ఏ పరీక్షకీ అర్థం ఉండదు. ఎక్కువైతే గుండెదడ, నిద్రలేమి. పెద్దవాళ్ళకి గుండె లయ తప్పడం, ఎముకలు పలచబడటం కూడా.

ముందు చూడాల్సింది మాత్ర ఎలా వేసుకుంటున్నామని. ఖాళీ కడుపుతో, మంచినీళ్ళతో, తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. మన ఇళ్ళలో సరిగ్గా ఆ గంటలోనే కాఫీ! లేదా ఒంటికి మంచిదని రాగిజావ, అందులో బోలెడు కాల్షియం. ఐరన్, కాల్షియం మాత్రలకైతే 4 గంటల ఎడం ఉండాలి. జుట్టు రాలుతోందని వేసుకునే బయోటిన్ రక్తపరీక్ష ఫలితాన్నే తారుమారు చేస్తుంది. పరీక్షకి కనీసం 2 రోజుల ముందు ఆపాలి.

ఇక బ్రాండు సంగతి. ఈ దేశంలో దీని మీద పెద్ద కథే నడిచింది. 2007లో ఇక్కడి ఎల్‌ట్రాక్సిన్ తయారీ కెనడా నుంచి జర్మనీకి మారింది. అసలు మందు అదే, కలిపే పదార్థాలు మారాయి. పసుపు మాత్ర తెల్లదైంది. అంతకుముందు 30 ఏళ్ళలో 14 ఫిర్యాదులు వస్తే, తర్వాత 18 నెలల్లో 1,400 పైగా వచ్చాయి. పరీక్షిస్తే మందులో లోపం దొరకలేదు. ప్రచారం ఎక్కువ జరిగిన ప్రాంతాల్లోనే ఫిర్యాదులు ఎక్కువని ఆక్లండ్ పరిశోధకులు 2009లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అయినా అదంతా భ్రమ అని కొట్టిపారేయడం నాకు నచ్చదు. రోజూ వేసుకునే మాత్ర రంగు మారితే ఎవరికి అనుమానం రాదు? పైగా బ్రాండు మారితే కొందరికి ఒంటికి పట్టే తీరు కాస్త మారవచ్చు కూడా. ఇండియా వెళ్ళొస్తూ అక్కడి మాత్రలు తెచ్చుకునే మనకి ఇది అక్షరాలా వర్తిస్తుంది. బ్రాండు మారిందని జీపీకి చెప్పి, 6 వారాలకి పరీక్ష చేయించుకోండి. అన్నట్టు, అక్కడి రిపోర్టులో ఫ్రీ టీ4 1.2 అని ఉండి, ఇక్కడ 15 వస్తే కంగారుపడకండి. కొలమానాలు వేరు, అంతే. టీఎస్‌హెచ్ అంకె మాత్రం రెండుచోట్లా ఒకటే.

నా విషయానికొస్తే, టీఎస్‌హెచ్ 2.1. బాగానే ఉంది. బీ12 చూడమని నేనే అడిగాను. అడుగంటింది! నేను శాకాహారిని. అదీగాక హాషిమోటో ఉన్నవాళ్ళలో బీ12 ఒంటికి పట్టని జబ్బు, గోధుమ పడని సీలియాక్ జబ్బు మిగతావారికన్నా ఎక్కువ. ఇంజక్షన్లు మొదలుపెట్టాక మూడో నెలకి మెట్లెక్కితే ఆయాసం తగ్గింది. చేతులు మాత్రం ఇంకా చల్లగానే ఉంటాయి, జూన్‌లో మరీను.

పిల్లల కోసం చూస్తున్న అమ్మాయిలకి ఒక్క మాట. గర్భమని తెలిసిన రోజే జీపీకి ఫోన్ చేయండి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. మొదటి నెలల్లో బిడ్డకి తల్లి హార్మోనే ఆధారం, చాలామందికి మోతాదు పెంచాల్సి వస్తుంది.