దుడ్లు లేవని ప్రశ్న ఆగిపోకూడదు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా సింహాద్రిపురంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం పెద్దలు మమ్మల్ని చదువు గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బాగా చదవండి, మంచి మార్కులు తెచ్చుకోండి అని ఏడాది పొడుగునా చెబుతూనే ఉంటాం. ఈ రోజు మాత్రం ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. అది మేము చేసిన తప్పు.

చాలా ఏండ్ల కిందట మా హాస్టల్లో చదివిన ఒక పాప ఎమ్మెస్సీ పూర్తి చేసి, వాళ్ల నాయనను వెంటబెట్టుకొని మా దగ్గరికి వచ్చింది. "మేడం, పీహెచ్‌డీ చేయాలని ఉంది. సారోళ్లు చేయమంటాండారు" అంది. వాళ్ల నాయన చీనీ తోటలకు కూలికి పోయే మనిషి. ఆయన మా ముఖం చూశాడు. మేము ఏం చెబితే అదే వింటాడని మాకు తెలుసు. "పీహెచ్‌డీ అంటే ఐదారేండ్లమ్మా, అన్నేండ్లు ఇల్లెట్లా గడుస్తుంది? బీఈడీ చెయ్యి, ఉద్యోగం వస్తుంది" అన్నాం. మేమూ బీఈడీ చేసే ఈ ఉద్యోగంలోకి వచ్చాం కదా, మాకు తెలిసిన దారి అదొక్కటే. ఆ పాప మా మాట విని బీఈడీ చేసింది. ఇప్పుడు ప్రైవేటు బళ్లో టీచరు.

పోయినేడు పండక్కి వచ్చినప్పుడు మమ్మల్ని కలిసింది. అన్నీ మాట్లాడి, లేచేటప్పుడు మెల్లగా అడిగింది. "మేడం, మన పిల్లోళ్లు పీహెచ్‌డీ చేస్తే నెలనెలా దుడ్లు ఇస్తారంట గదా. ఆ రోజు మీకు తెల్దా?"

తెల్దమ్మా అన్నాం. నిజంగానే తెలియదు. కానీ మాకు తెలియకపోవడం వల్ల నష్టపోయింది ఆ పాప. అందుకే ఈ రోజు తెలిసినంతవరకు చెబుతాం, చెవులొగ్గి వినండి.

ముందు ఒక సంగతి తెలుసుకోండి. స్కాలర్‌షిప్ వేరు, ఫెలోషిప్ వేరు, రీసెర్చ్ గ్రాంటు వేరు. స్కాలర్‌షిప్ మీ చదువు ఖర్చుకు ఇచ్చేది. ఫెలోషిప్ పరిశోధన చేసే మనిషి బతకడానికి నెలనెలా ఇచ్చేది. గ్రాంటు పరిశోధన అనే పనికి ఇచ్చేది. పరికరాలు, రసాయనాలు, సహాయకుడి జీతం, ఊర్లు తిరిగే ఖర్చు అన్నీ అందులోంచే పెట్టుకోవాలి. ఆ డబ్బు మామూలుగా మీరు పనిచేసే సంస్థ ఖాతాకు వస్తుంది. ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి.

ఇక మెట్లు చూద్దాం. మొదటి మెట్టు బడిలోనే ఉంది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ వారి ఇన్‌స్పైర్ మానక్ కింద మంచి ఆలోచన పంపిన బడి పిల్లలకు 10,000 రూపాయలు ఇస్తారు. ఇంటర్లో బోర్డు మొత్తం మీద పై ఒక శాతంలో నిలిచి, బీఎస్సీ లాంటి మూల విజ్ఞాన కోర్సులో చేరినవాళ్లు ఏడాదికి 80,000 రూపాయల ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్‌కు పెట్టుకోవచ్చు. ఎంసెట్ రాలేదని బీఎస్సీలో చేరి తల దించుకొని తిరిగే పిల్లలు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష ఉంది. జీవ, రసాయన, భౌతిక, గణిత, భూ శాస్త్రాలకు జరుగుతుంది. ఇందులో జేఆర్‌ఎఫ్ వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేండ్లు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు. 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేట్లు ఇవి. ఇంటి అద్దె భత్యం వేరే. వయసు పరిమితిలో ఎస్టీలకు ఐదేండ్ల సడలింపు ఉంది.

జేఆర్‌ఎఫ్ రాకపోయినా దారి మూసుకుపోదు. కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఎస్టీ విద్యార్థులకు నేషనల్ ఫెలోషిప్ ఇస్తుంది. 2005-06లో రాజీవ్ గాంధీ నేషనల్ ఫెలోషిప్ అనే పేరుతో మొదలైంది ఇదే. ఏడాదికి 750 మందికి ఇస్తారు. పీహెచ్‌డీలో చేరి ఉండాలి, పీజీ మార్కులను బట్టి ఎంపిక చేస్తారు. సైన్సు వాళ్లకు పుస్తకాలు, రసాయనాల లాంటి ఖర్చులకు మొదటి రెండేండ్లు ఏడాదికి 12,000, తర్వాత 25,000 రూపాయలు అదనం. చెంచుల లాంటి మరీ వెనకబడిన తెగల పిల్లలకు ఇందులో ప్రత్యేకంగా సీట్లు కేటాయించారు. విదేశాల్లో చదవాలంటే అదే శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మందికి ఇస్తుంది.

పీహెచ్‌డీ అయిపోయాక చాలామంది ఆగిపోతారు. నిజానికి సొంత ప్రశ్న మీద సొంతంగా పనిచేయడం అక్కడే మొదలవుతుంది. ఇంతకు ముందు ఎస్‌ఈఆర్‌బీ అనే సంస్థ యువ శాస్త్రవేత్తలకు గ్రాంట్లు ఇచ్చేది. 2023లో చేసిన చట్టంతో దాని స్థానంలో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ వచ్చింది. కొత్తగా అధ్యాపకులైనవాళ్లకు ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు ఇస్తున్నది ఈ సంస్థే. మన హైదరాబాద్‌లోనే ఇండియా అలయెన్స్ కార్యాలయం ఉంది. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, ఇంగ్లండుకు చెందిన వెల్‌కమ్ ట్రస్టు కలిసి 2008లో దాన్ని మొదలుపెట్టాయి. జీవశాస్త్రం, వైద్యం, ప్రజారోగ్యం మీద పనిచేసేవాళ్లకు తొలి దశలో ఒక ఫెలోషిప్, నడిమి దశలో ఒకటి, అనుభవం వచ్చాక ఒకటి ఇస్తూ వచ్చింది. వాళ్లు వయసు కంటే పరిశోధనలో ఎన్నేండ్ల అనుభవం ఉందో చూస్తారు. పెండ్లి, పిల్లలు అని మధ్యలో ఆగిన ఆడపిల్లలకు ఇది చాలా పెద్ద సంగతి.

ఇవన్నీ మనకెందుకు అని అనుకోవద్దు. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో అమెరికా వెళ్లారు. ఓడ ఎక్కడానికి డబ్బు లేకపోతే మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం ధర్మసంస్థ సాయం చేశారు. అక్కడికి పోయాక కూడా ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేసి పొట్ట పోసుకున్నారు. బోదకాలు రాకుండా ఊరూరా మింగించే డీఈసీ మాత్ర ఆయన బృందం పనిలోంచే వచ్చింది. ఆ రోజు ఆ ధర్మసంస్థ చెయ్యి ముడుచుకొని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. డబ్బు చేసే పని అది. తెలివిని పుట్టించలేదు గానీ, ఉన్న తెలివి ఆకలితో మధ్యలో ఆగిపోకుండా నిలబెడుతుంది.

మన దగ్గర ప్రశ్నలకు కొదవ లేదు. చీనీ చెట్టు కాపు మీదుండగానే ఎందుకు ఎండిపోతుంది? బోరునీళ్లలో ఏమేమి కలిసి ఉన్నాయి? సికిల్ సెల్ జబ్బు గిరిజనుల్లోనే ఎందుకు ఎక్కువ? దాన్ని నిర్మూలించడానికి 2023 జులైలో కేంద్రం జాతీయ మిషన్ మొదలుపెట్టింది. ఆ రక్తపరీక్ష నివేదికలు చదివే శాస్త్రవేత్తల్లో మన బిడ్డ ఒకరైనా ఉండాలి గదా. మన నీళ్లు, మన చెట్లు, మన రక్తం గురించి మనకంటే బాగా అడగగలిగేవాళ్లు ఎవరు? కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, తిరుపతిలో 2015 నుంచి ఐసర్ ఉంది. అవి మనకు దూరం కాదు.

ఇంత చెప్పి కష్టాలు చెప్పకపోతే మళ్లీ తప్పు చేసినట్టే. మా పాత విద్యార్థి ఒకతను ఫెలోషిప్‌తో పీహెచ్‌డీ చేస్తుండగా నెలల తరబడి డబ్బు రాలేదు. మెస్ బిల్లు కట్టలేక ట్యూషన్లు చెప్పాడు, స్నేహితుల దగ్గర అప్పు చేశాడు. ఒక రాత్రి ఫోన్ చేసి "మేడం, ఇంటికొచ్చేస్తా" అన్నాడు. ఈసారి మేము రమ్మనలేదు. సంతకాలు ఎవరి దగ్గర ఆగాయో రాసుకో, వాళ్లకు రాతపూర్వకంగా అర్జీ పెట్టు, నకలు దగ్గర పెట్టుకో అన్నాం. మాకు చేతనైనంత పంపాం. ఆలస్యంగానైనా బకాయి మొత్తం వచ్చింది. ఇప్పుడతను థీసిస్ రాస్తున్నాడు.

అందుకే కొన్ని జాగ్రత్తలు. పదో తరగతి సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో, కుల ధ్రువీకరణలో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉండాలి. ఒక కాగితంలో నాయక్ ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో అసలు లేకుండా ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇప్పుడే సరిచేయించుకోండి. మొదటి ఫెలోషిప్ వచ్చిన నెల నుంచే మూడు నెలల ఖర్చుకు సరిపడా పక్కన దాచుకోండి. గైడును ఎంచుకునే ముందు ఆయన దగ్గర చదివే పిల్లలతో మాట్లాడండి. గ్రాంటుకు రాసేటప్పుడు మీ ప్రశ్న ఏమిటి, దానికి జవాబు ఎట్లా వెతుకుతారు, ఎన్నాళ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది అనే నాలుగూ మీ యాడికి అర్థమయ్యేంత తేటగా చెప్పగలగాలి. మొదటిసారి రాకపోతే వాళ్లు రాసిన అభిప్రాయాలు చదివి, దిద్దుకొని మళ్లీ పంపండి. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలకు కూడా తిరిగొచ్చిన దరఖాస్తులు ఉంటాయి.

సంఘం పెద్దలకు ఒక మనవి. సుబ్బారావు గారికి ఒక ధర్మసంస్థ నిలబడినట్టు మనం కూడా చిన్న నిధి ఒకటి పెట్టుకుందాం. పరీక్ష ఫీజుకు, ఇంటర్వ్యూకు పోయే బస్సు చార్జీకి, ఫెలోషిప్ ఆలస్యమైన నెలల్లో చేబదులుకు సరిపోతే చాలు. డబ్బు వచ్చాక పిల్లలే తిరిగి కడతారు. మా వంతుగా మా హాస్టల్ నోటీసు బోర్డులో సగం ఈ ప్రకటనలకే వదిలేశాం. ప్రతి ఆదివారం సాయంత్రం ఫారాలు నింపడానికి మేము కూర్చుంటాం. మా హాస్టల్లో చదవని పిల్లలు కూడా రావచ్చు.

ఆ పాప అడిగిన ప్రశ్నకు ఆ రోజు మా దగ్గర జవాబు లేదు. ఆమెకు ఎనిమిదో తరగతి చదివే కూతురుంది. పోయిన నెల ఆ బిడ్డ ఇన్‌స్పైర్ మానక్‌కు పంపడానికి తన ఆలోచన ఒక కాగితం మీద రాసి మాకు చూపించింది. చీనీ తోటకు నీళ్లు తక్కువ పట్టేట్టు చేసే ఉపాయం అది. అక్షర దోషాలు మేము దిద్దాం. ఉపాయాన్ని మాత్రం ముట్టుకోలేదు. అది ఆ బిడ్డదే.