కాఫీ బల్ల దగ్గర కొలువు



బళ్ళారిలోనో, హోసూరులోనో కాఫీ తాగి హోటల్లో లేవకుండా కూర్చుంటే సర్వరు బిల్లు పెట్టి బల్ల తుడవడం మొదలుపెడతాడు. లేవమని నోటితో అనడు, మనకే అర్థమవుతుంది.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో తీరు వేరు. అక్కడి కాఫీ దుకాణాలలో లాప్‌టాప్ తెరుచుకుని ఆఫీసు పని చేసుకునేవారు కనిపిస్తారు. డిసెంబరులో ఆ ఊళ్ళో మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గుంకుతుంది. గదిలో ఒంటరిగా పనిచేసేవారికి ఆ దీపాల వెలుగూ, నలుగురి అలికిడీ పెద్ద ఆసరా.

1756లో కాఫీని నిషేధించిన దేశమది! ఇప్పుడేమో పని ఆపి నలుగురూ కాఫీకి కూర్చోవడాన్ని 'ఫీకా' అని ముద్దుగా పిలుచుకుంటారు. రెండోసారి పోసే కాఫీ 'పోతోర్'. చాలాచోట్ల అది ఉచితంగానో, తక్కువ ధరకో దొరుకుతుంది.

పని ఆపడానికి వేసిన బల్లమీదే ఇప్పుడు పని సాగుతోంది. మరి ఒక్క కప్పుతో పూటంతా కూర్చుంటే దుకాణదారుకు అద్దె ఎలా గిట్టుతుంది? అందుకే కొన్ని దుకాణాలు భోజనాల వేళ, సెలవు రోజుల్లో లాప్‌టాప్ వద్దంటాయి.

మన పిల్లలెవరైనా అటు వెళుతుంటే చెప్పండి: రద్దీ వేళ లేచి చోటివ్వాలి. మధ్యమధ్య ఏదైనా కొనాలి. ఫోను వస్తే బయటికి వెళ్ళి మాట్లాడాలి. నలుగురు కూర్చునే బల్ల ఒక్కరే ఆక్రమించకూడదు. తుడిచి లేపేవారు లేనిచోట మనమే తెలుసుకుని లేవాలి.