ఇల్లు ముందా, స్టూడియో ముందా?

జంగారెడ్డిగూడెం నుంచి మాట్లాడుతున్నాను.

ఈ మధ్య బయట కలిసే కుర్రాళ్ళు, మెసేజ్‌లు పెట్టేవాళ్ళు ఎక్కువగా ఒకటే అడుగుతున్నారు. 'అన్నా, హైదరాబాద్‌లో జాబ్ మానేసి ఫ్యామిలీతో ఊరొచ్చేసి ఛానెల్ పెడదామనుకుంటున్నా. రూమ్‌కి ఏ ఫోమ్ అంటించాలి? ఏ మైక్ కొనాలి?' నేనూ బీటెక్ చదివి, కొన్నేళ్ళు కోడింగ్ చేసి, ఇక్కడికొచ్చి వీడియోలు చేస్తున్నవాణ్ణే కాబట్టి నన్ను అడగడం న్యాయమే. మైక్ గురించి గంటసేపు చెప్పగలను కూడా. కానీ ఆ మెసేజ్ ఇంకోసారి చదవండి. మైక్ గురించి ప్రశ్న ఉంది, ఫోమ్ గురించి ప్రశ్న ఉంది. ఫ్యామిలీ మాత్రం బీరువా, ఫ్రిజ్‌తో పాటు లారీ ఎక్కేసింది. దాని గురించి ఒక్క ప్రశ్న లేదు. అందుకని మైక్ సంగతి వచ్చేవారం చూద్దాం. ఈరోజు ఇల్లు మారడం గురించి.

ముందు ఒక పెద్దాయన. అక్కినేని నాగేశ్వరరావు గారు. 'దేవదాసు' క్లిప్పులు మీ ఫోన్లో వచ్చే ఉంటాయి, అది 1953 సినిమా. ఆయన హీరోగా చేసిన 'శ్రీ సీతారామ జననం' 1944లో వచ్చింది. అప్పట్లో తెలుగు సినిమా అంటే మద్రాసు. స్టూడియోలు అక్కడే, ల్యాబులు అక్కడే, పాటల రికార్డింగ్ అక్కడే. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాద్ రాజధాని అయింది గానీ, సినిమా మాత్రం మద్రాసు నుంచి కదల్లేదు. అలాంటి టైమ్‌లో, 1960ల మొదట్లో, ఏఎన్నార్ గారు భార్యాపిల్లలతో సహా హైదరాబాద్ వచ్చేశారు. నాతో సినిమా తీయాలంటే షూటింగ్ హైదరాబాద్‌లో పెట్టుకోండి అని నిర్మాతలకి చెప్పేశారు.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే ఇది మంచి మోటివేషన్ రీల్ అవుతుందండి. వెనకాల మ్యూజిక్, 'రిస్క్ తీసుకున్నోడే హీరో' అని ఒక లైను. ఆగండి, ఆ సంవత్సరాలు ఒకసారి వరసలో పెట్టి చూడండి. ఆయన ఊరు మారింది హీరోగా ఇంచుమించు ఇరవై ఏళ్ళు చేశాక. తను కదిలితే నిర్మాతలు తన వెనక కదులుతారని తెలిశాక. అప్పటికే హైదరాబాద్‌లో సారథీ స్టూడియో నడుస్తోంది, అంటే వచ్చిన మర్నాడు పని చేసుకోవడానికి చోటుంది. మరి సొంత స్టూడియో? అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది 1976లో. ఇల్లు మారడానికీ స్టూడియో కట్టడానికీ మధ్య పదేళ్ళ పైన తేడా! ఆ మధ్యలో 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ కూడా అయింది ఆయనకి. 1959లో మద్రాసులో పుట్టిన నాగార్జున గారు ఇక్కడ హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్నారు. ఆ పదేళ్ళూ ఇల్లు ఊరికి అలవాటు పడింది, ఆ తర్వాతే బంజారాహిల్స్ రాళ్ళగుట్టల మీద స్టూడియో లేచింది. దానికి పెట్టింది ఆవిడ పేరు.

మనవాళ్ళ వరస తిరగబడి ఉంటుంది. ముందు ఫోమ్, తర్వాత లైట్లు, తర్వాత ఛానెల్ పేరు, పిల్లల బడి ఎక్కడో చివర్లో.

'ఆయన స్టార్ కదా అన్నా, డబ్బుంది' అంటారా? సరే, డబ్బు లేని ఇల్లు చూద్దాం. మన గోదావరిదే.

ముళ్ళపూడి వెంకటరమణ గారు 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. వాళ్ళ నాన్నగారిది ఆనకట్ట దగ్గర ఉద్యోగం. రమణ గారు చిన్నపిల్లాడిగా ఉండగానే ఆయన పోయారు. 1945లో ఆ అమ్మగారు పిల్లల్ని తీసుకుని మద్రాసు వెళ్ళిపోయారు. అద్దెకి దొరికింది ఇల్లు కాదు, ఒక ఇంటి వరండా. ఆవిడ విస్తళ్ళు కుట్టి, ప్రెస్సులో పనిచేసి ఇల్లు గడిపారు. పిల్లాడు మాత్రం కథలు రాయడం మొదలుపెట్టాడు. 'బాల' అనే పిల్లల పత్రికలో కథ అచ్చయింది కూడా.

రమణ గారంటే మనకి 'బుడుగు', 'ముత్యాల ముగ్గు' గుర్తొస్తాయి. ఆయన తన జీవితం తనే 'కోతికొమ్మచ్చి' అని రాసుకున్నారు, నవ్వుతూనే రాశారు. నాకు మాత్రం ఆ వరండా దగ్గర ధ్యాస ఆగిపోతుంది. ఎందుకంటే ఆ ఇంట్లో రాసేవాడు ఒకడు, ఆ రాతకి చోటు చూపించింది ఇంకొకరు. విస్తరాకులు కుట్టే చేతుల పక్కన ఆ పిల్లాడి కాయితానికి ఇంత జాగా దొరికిందంటే, అది దానంతటది దొరికిన జాగా కాదండి. మనం క్రియేటర్ అనే మాట ఒకడి పేరు పక్కనే రాస్తాం. ఆ అమ్మగారి పేరు పక్కన ఏం రాయాలో నాకు తెలీదు.

తర్వాత కథ ఇంకా బాగుంటుంది. బాపు గారు 1933లో నర్సాపురంలో పుట్టారు. ఈ ఇద్దరూ మద్రాసులో బడిలో కలిశారు, ఇంక విడిపోలేదు. పెళ్ళిళ్ళయ్యాక, పిల్లలు పుట్టాక కూడా రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉన్నాయి. స్నేహం గురించి అందరూ చెబుతారు గానీ, ఇంటి లెక్కగా ఒకసారి ఆలోచించండి. అన్ని సినిమాలూ ఆడవు కదా. సినిమా ఆడని ఏడాది కూడా ఇంట్లో రెండు పొయ్యిలు వెలగాలి. నాకు అర్థమైనంతలో, ఆ ఇద్దరు ఆడవాళ్ళు ఒప్పుకోకపోతే ఆ జంట పేరు అన్నేళ్ళు నిలబడేది కాదు. సినిమా మొత్తం మద్రాసు వదిలి హైదరాబాద్ వచ్చేసినా వీళ్ళు రాలేదు. రమణ గారు 2011లో, బాపు గారు 2014లో, ఇద్దరూ చెన్నైలోనే పోయారు. ఇల్లు అక్కడే ఉంచి, కెమెరాని మాత్రం గోదావరికి మోసుకొచ్చేవారు. 1967 'సాక్షి' పులిదిండిలో తీశారు. 1973 'అందాల రాముడు'లో సగం కథ గోదావరి మీద లాంచీలోనే. చూడకపోతే చూడండి, ఇప్పటి డ్రోన్ షాట్లు దాని ముందు దిగదుడుపు.

అంటే, పని ఉన్నచోటే ఇల్లుండాలన్న రూల్ అప్పుడే లేదు. ఫోన్లో ఎడిట్ చేసి అప్‌లోడ్ కొట్టే మనకి అసలు లేదు. లంబాడిపల్లి ఉంది కదా, జగిత్యాల జిల్లా. మై విలేజ్ షో వాళ్ళు ఊరు వదలకుండానే ఊళ్ళోవాళ్ళతోనే వీడియోలు తీశారు. గంగవ్వ గారు 2020లో బిగ్‌బాస్‌కి వెళ్ళి ఏమన్నారు? ఇల్లు కట్టుకోవాలి అన్నారు. ఒంట్లో బాగోక మధ్యలోనే వచ్చేసినా, ఆ ఇల్లు లేచింది, సొంత ఊళ్ళోనే. సాయం చేసింది నాగార్జున గారు. మద్రాసు నుంచి ఇల్లు మారి వచ్చిన ఆ పిల్లాడే!

ఇప్పుడు మన ఊరు సంగతి. జంగారెడ్డిగూడెం 2022 నుంచి ఏలూరు జిల్లా, అంతకుముందు పశ్చిమ గోదావరి. రైలు లేదు మనకి. తాడేపల్లిగూడెమో, ఏలూరో, రాజమండ్రో వెళ్ళి ఎక్కాలి. హైదరాబాద్ నుంచి పెద్ద కెమెరా అద్దెకి తెప్పించాలంటే బస్సు మీద తెప్పించాలి. చుట్టూ పొగాకు, పామాయిల్. పొగాకు వేలం రోజుల్లో రోడ్డు మీద లారీల హారన్లకి ఏ ఫోమూ సరిపోదు. ఇవన్నీ తెలిసే వచ్చాం.

రావడం అంటే నలుగురం. నేను, మా ఆవిడ, నాలుగేళ్ళ పాప, అమ్మ. అద్దెకి చూస్తుంటే ఒక ఇంటాయన 'ఏం చేస్తావు బాబూ' అన్నారు. 'యూట్యూబ్ అండి' అన్నాను. 'అది సరే, ఉద్యోగం?' అన్నారు. 'ఉద్యోగం మా ఆవిడదండి' అన్నాక గానీ ఆయన మొహంలో రంగు తిరగలేదు. నిజం అదే మరి. మా ఆవిడ టెస్టింగ్ చేస్తుంది, ఇంటి నుంచే. నెల మొదట్లో వచ్చే జీతం ఆవిడది. నాది వస్తే వస్తుంది.

ఆషాఢంలో కదలొద్దని అమ్మ పట్టుబట్టింది, శ్రావణంలో వచ్చి పాలు పొంగించాం. పాలు పొంగించడానికి పది నిమిషాలు. దాని తర్వాత మొదలైంది అసలు సమస్య. ఇంట్లో తలుపేస్తే నిశ్శబ్దంగా ఉండే గది ఒక్కటే. మీటింగులకి ఆవిడకి కావాలి, రికార్డింగ్‌కి నాకు కావాలి. మధ్యాహ్నం ఎండ తగలకుండా పడుకోవడానికి అమ్మకీ అదే బావుంటుంది.

కూర్చుని మాట్లాడుకున్నాం. మా ఆవిడ ఒకటే మాట అంది: 'బావా, ఆ గది నీ ఛానెల్‌ది అని పేరు పెడితే మేం ముగ్గురం నీ ఆఫీసులో అద్దెకున్నట్టు ఉంటుంది.' దాంతో తేలిపోయింది. పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా గది ఆవిడది. మధ్యలో ఆవిడ భోజనానికి లేచి వస్తే ఆ గంట అమ్మది. రాత్రి పాప పడుకున్నాక నాది. మీరు చూసే ఈ వీడియోలన్నీ రాత్రి పదిన్నర తర్వాత తీసినవే. గోడకి అంటించింది కూడా ఫోమ్ కాదు, బొంతలు. పగలు మంచం మీదుంటాయి, రాత్రి దండెం మీదికెక్కుతాయి.

అమ్మకి గది కంటే పెద్ద కష్టం ఇంకోటుంది. ఊళ్ళో పొద్దున లేస్తే పలకరించేవాళ్ళు పదిమంది. ఇక్కడ తలుపు తీస్తే ఎదురింటి గేటు. తులసి మొక్కని బకెట్లో పెట్టుకుని ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. మంగళవారం గురవాయిగూడెం మద్ది ఆంజనేయస్వామి గుడికి వెళ్ళడం మొదలుపెట్టాక, దారిలో ఇద్దరు స్నేహితురాళ్ళు దొరికారు. అప్పటిదాకా నేను ఇల్లు కుదిరిందని ఎవరితోనూ అనలేదు. పాపకి బడిలో ఒక దోస్తు దొరకడానికి నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో నేను పెట్టినవి మూడే వీడియోలు. వ్యూస్ తగ్గాయి. తగ్గనీ అనుకున్నాం, ముందే అనుకుని వచ్చాం కాబట్టి.

మన మండలంలోనే తాడువాయి ఉంది. పోలవరం ప్రాజెక్టు కింద ఊళ్ళు వదలాల్సొచ్చిన కుటుంబాల కోసం కట్టిన పునరావాస కాలనీ అక్కడుంది. ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా ఒకటే అనిపిస్తుంది. నేను ఇల్లు మారడం నా ఇష్టం, నచ్చకపోతే హైదరాబాద్ బస్సెక్కుతాను. వాళ్ళకి ఆ బస్సు లేదు, వెనక్కెళ్ళే ఊరూ లేదు. ఆ వరుస ఇళ్ళ మధ్య ఒక ముసలాయన అరుగు మీద కూర్చుని కనపడితే, నా ఫోమ్ సమస్యలు చెప్పుకోవడానికి నోరు రాదు. కెమెరా తియ్యలేదు అక్కడ. తీయాలంటే ముందు చాలాసార్లు ఊరికే వెళ్ళి కూర్చోవాలి.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తా, దాచడానికేం లేదు. యూట్యూబ్‌లో యాడ్స్ డబ్బు రావాలంటే వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, దాంతో పాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి. లేదా షార్ట్స్ అయితే 90 రోజుల్లో కోటి వ్యూస్. మామూలు వీడియోకి యాడ్ డబ్బులో 55 శాతం మనకిస్తారు, షార్ట్స్‌కి మన వాటా 45 శాతం. అకౌంట్లో 100 డాలర్లు నిండే దాకా పైసా బ్యాంకుకి రాదు. నిండినా పడేది తర్వాతి నెల మూడో వారం తర్వాతే. ఇంటద్దె మాత్రం ఒకటో తారీకే ఇవ్వాలి కదా! ఈ రెండు తేదీల మధ్య ఎవరి జేబు ఖాళీ అవుతుందో, వాళ్ళకి మీ ప్లాన్ పూర్తిగా చెప్పారా? అది అడగండి ముందు. 'మా నాన్న చూసుకుంటాడు' అంటే, నాన్నకి ఎన్ని నెలలో చెప్పండి. అంకె చెప్పండి. మేం పద్దెనిమిది నెలలు అనుకున్నాం, గోడ క్యాలెండర్ మీద గుర్తు కూడా పెట్టాం. అందులో పదకొండు అయిపోయాయి. ఆ తారీకుకి ఛానెల్ ఇంటద్దె కట్టే స్థితిలో లేకపోతే నేను మళ్ళీ కోడింగ్‌కి వెళ్తాను, వీడియోలు ఆదివారాలకి మారతాయి. ఇది మా ఆవిడా, అమ్మా, నేనూ ముగ్గురం ఒప్పుకున్న మాట. పాపని అడగలేదు, అది ఇంకా ఐస్‌క్రీమ్ షరతులే పెడుతోంది.

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అన్నారు పెద్దలు. ఇల్లు మారి చూడు అని కూడా కలిపితే బావుండేదేమో.

సరే అండి, పదకొండు దాటింది, బొంతలు దింపాలి. వచ్చేవారం మైక్ సంగతి, రెండు వేల లోపు దొరికేవి మాత్రమే. ఉంటానండి, ఆయ్.