గడప దాటిన అన్నప్రసాదం

(జీర్ణోద్ధారణ మహాకుంభాభిషేక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



పన్నెండు సంవత్సరాలకొకసారి అష్టబంధనాన్ని నూతనంగా సమర్పించి, విమాన కలశాలకు సంప్రోక్షణ జరుపుకోవడం మన సంప్రదాయం. ఈ పర్యాయం ఆ మహత్కార్యానికి తోడుగా ఆలయానికి ఆగ్నేయ దిశలో మరొక కట్టడం లేస్తున్నది. ప్రతి మధ్యాహ్నం అన్నప్రసాదాన్ని క్యారియర్లలో సర్ది, ఆలయానికి రాలేని వృద్ధులకు, వ్యాధిగ్రస్తులకు వారి ఇళ్ల వద్దనే అందజేస్తున్న మన అన్నసేవకు అది స్వంత వంటశాల. ఇప్పటికి గోడలు శ్లాబు మట్టానికి వచ్చాయి. విమాన గోపురాన్ని గురించి, యాగశాలను గురించి ఈ సంచికలో పెద్దలు వ్రాసియున్నారు. నేను ఆ వంటశాలను గురించి మాత్రమే విన్నవించుకుంటాను.

ముందుగా నా తప్పు ఒప్పుకోవాలి. ప్రసాదం ప్రాకారం దాటి వెళ్లడమేమిటి, ఏ చేతులు తాకుతాయో, ఏ నేల మీద పెడతారో అని మొదట అభ్యంతరం చెప్పినవాణ్ణి నేనే. ఆకలిగొన్నవారు స్వామి సన్నిధికి వచ్చి పంక్తిలో కూర్చుని భుజించడమే మర్యాద అని వాదించాను. ఆనాటి సమావేశంలో నా వాదమే నెగ్గింది.

మన పంక్తిలో తూర్పు వరుస చివర ఒక వృద్ధురాలు కూర్చునేది. భోజనమైన తరువాత తన విస్తరితో పాటు పక్కవారిది కూడా తీసి పారవేసేది. ఒకనాటి నుండి ఆమె రావడం మానివేసింది. విస్తళ్ల లెక్క చూసుకునే మాకు ఒక విస్తరి తగ్గినట్లు తెలిసింది గాని, ఒక మనిషి తగ్గినట్లు తోచలేదు. పదకొండవ రోజున పూలు తెచ్చే అమ్మాయి చెబితే వెళ్లి చూశాను. నూతి గట్టున జారిపడి, తుంటి ఎముక విరిగి మంచాన ఉన్నది. ఎవరో ఇచ్చిన అటుకులను నీళ్లలో నానవేసుకుని తింటున్నది. నన్ను చూసి, "పంతులుగారూ, రాలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి" అని ఆమే నన్ను క్షమాపణ వేడుకున్నది. ఆలయానికీ ఆ ఇంటికీ మధ్య ఉన్నవి మూడు వీధులు. ఆ సాయంకాలపు అర్చనలో నాకు మంత్రం తడబడింది.

ఇంటికి వచ్చి, చిన్ననాట గురువుగారి వద్ద చదువుకున్న ఆపస్తంబ ధర్మసూత్రాన్ని మళ్లీ తెరిచాను. గృహస్థు మొదట అతిథులకు పెట్టాలి. ఆపై బాలురకు, వృద్ధులకు, రోగులకు, గర్భవతులకు పెట్టాలి. దంపతులు భుజించేది ఆ తరువాతనే. వైశ్వదేవాన్నంలో శునకాల వరకు, లోకం వెలిపెట్టిన వారి వరకు అందరికీ భాగమివ్వాలని కూడా ఆ మహర్షి విధించాడు. వైశ్వదేవం చేసేవారికి తెలుసు, బలిహరణంలో కొన్ని బలులు ఇంటి లోపల, కొన్ని వెలుపల. వెలుపలి వాటిని గృహస్థే తీసుకుని వెళ్లి పెట్టాలి. లోపలికి రండి అని పిలిచి ఊరుకుంటే చాలదు. ఉపనయనం నాటి నుండి ఎరిగిన కర్మ ఇది. అయినా సమావేశంలో అది నాకు గుర్తుకు రాలేదు.

మన గోదావరి సీమలో ఈ ధర్మాన్ని శాస్త్రం చూడకుండానే ఆచరించిన తల్లి డొక్కా సీతమ్మగారు. 1841లో జన్మించి, కోనసీమలోని లంకల గన్నవరంలో కాపురముండి, 1909లో పరమపదించారు. గోదావరి పాయలు దాటి వేళ కాని వేళ వచ్చే బాటసారులకు ఆమె ఇల్లే సత్రం. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి బయలుదేరి, దారిలో ఒక పెళ్లి బృందంవారు ఆకలిగా ఉన్నదని, గన్నవరం చేరితే సీతమ్మగారు పెడతారని అనుకోవడం విని, దర్శనం మాని వెనుదిరిగి, వారికంటే ముందే ఇల్లు చేరి వండి పెట్టారని పెద్దలు చెప్పుకుంటారు. వారు ఆమెను అడగలేదు, పల్లకిలో ఉన్నది ఆమె అని వారికి తెలియదు కూడా. నేడు ఆంధ్రప్రదేశ్‌లో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు 2024లో పెట్టారు. చాలా ఆలస్యమైనదని నా అభిప్రాయం.

ఇక భవనం మాట. తిరుమలలో నిత్యాన్నదానం 1985 ఏప్రిల్ 6న ఆరంభమైనప్పుడు దినానికి రెండు వేల మందికి ఏర్పాటు. నాలుగు విశాలమైన భోజనశాలలతో, ఒక్కొక్క శాలలో వేయి మంది కూర్చునే తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనం 2011 జూలై 7న ప్రారంభమైంది. ఇరవై ఆరేళ్లు వండి వడ్డించిన తరువాత వచ్చిన భవనమది. అక్కడ కూడా, క్యూ కాంప్లెక్సులో వేచియున్న భక్తుల వద్దకే అన్నప్రసాదాన్ని తీసుకువెళ్లి అందిస్తారు. కనుక మనది చిన్న ఊరి కొత్త పోకడ ఏమీ కాదు.

మనం ఇంతవరకు కల్యాణ మండపం వెనుక వసారాలో వండుతున్నాము. స్తంభాలకు పట్టిన మసి మీరు చూసే ఉంటారు. పెళ్లి ముహూర్తాలున్న రోజున ఆ వసారా కూడా దొరకదు, టార్పాలిన్ కిందికి పొయ్యిలు మార్చుకోవాలి. ఒక ఆషాఢంలో వాన నీరు పొయ్యిలోకి దిగి, ఆ రోజు నలభై ఇళ్లకు దధ్యోదనం తప్ప మరేమీ పంపలేకపోయాము. చక్కెర వ్యాధి గలవారికి మాత్రలు వేసుకునే వేళ దాటింది. స్వంత వంటశాల అవసరమని అందరమూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఆ రోజుననే.

హుబ్బళ్లిలో అక్షయపాత్ర సంస్థవారి పెద్ద వంటశాలలో బియ్యం, పప్పు పై అంతస్తుకు చేర్చి, అక్కడినుండి తమ బరువుతోనే కిందికి దిగేటట్లు నిర్మించారు. వేలాది బడిపిల్లలకు పంపే చోట అది తగును. మన కట్టడం ఒకే అంతస్తు. అయితే పచ్చి సరుకు వచ్చే దారి, వండిన అన్నం వెళ్లే దారి ఎక్కడా కలియకూడదన్న సూత్రం మాత్రం మనమూ పాటించాము. పడమటి ద్వారాన బియ్యం వస్తుంది. కడుగుడు తొట్లు, పొయ్యిలు, క్యారియర్లు నింపే రాతి బల్ల వరుసగా ఉంటాయి. దక్షిణ ద్వారం వద్ద ఆటోలు నిలుస్తాయి. వండిన పదార్థం అరవై డిగ్రీల వేడికి తగ్గకుండా ఇల్లు చేరాలని వైద్యులు చెప్పారు. మడి కట్టి వండినంత మాత్రాన చల్లారిన పప్పు పాడవకుండా ఉండదు. ఈ మాట చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు.

ప్రతి ఇంటికీ రెండు క్యారియర్లు. నేటిది ఇచ్చి, నిన్నటి ఖాళీది తీసుకుంటారు. తిరిగి వచ్చిన క్యారియర్‌ను మూత తీసి చూడడమే ఈ సేవలో ముఖ్యమైన పని. అన్నం మిగిలి ఉంటే ఒంట్లో బాగాలేదేమో అడగాలి. తలుపు తీయకపోతే పక్కవారిని పిలవాలి. పంచే యువకులకు నేను మరీ మరీ చెప్పేది, తలుపు దగ్గర పెట్టి రావద్దు, మనిషిని చూసి రండి అని.

దాతలకు ఒక మాట. ముందు భాగపు వసారాకు, ద్వారానికి, గడియారానికి సైతం దాతలు ముందుకు వచ్చారు. మురుగు కాలువకు, పొగగొట్టానికి, గ్యాసు సిలిండర్ల గదికి, పాత్రలు తోమే చోటుకు ఇంతవరకు ఎవరూ లేరు. తోమే చోట తల్లిదండ్రుల పేరు గల శిలాఫలకం పెడతామంటే ఒకరిద్దరు నొచ్చుకున్నారు కూడా. ఈ కుంభాభిషేకంలో నాకు వచ్చే సంభావనను ఆ తోమే చోటుకే మా అమ్మగారి పేరిట ఇస్తున్నాను. ఆమె జన్మంతా ఎక్కువగా గడిపినది అక్కడనే. మిగిలిన మూడూ ఇంకా ఖాళీగా ఉన్నాయి.

ఆ వృద్ధురాలు రెండేళ్లు మన క్యారియర్ అందుకుని, ఒక మాఘమాసంలో స్వామి సన్నిధి చేరుకున్నది. ఒకటవ అంకె వేసిన ఆమె క్యారియర్ ఇప్పుడు మరొక ఇంటికి వెళ్తున్నది. మండలాభిషేకం పూర్తయిన మరునాడు ఉదయం నూతన వంటశాలలో పాలు పొంగించి పొయ్యి వెలిగిస్తాము. ఈలోగా, ఆలయానికి రావడం మానినవారు మీ వీధిలో ఎవరైనా ఉంటే, వారి పేరు, ఇంటి గుర్తు కార్యాలయంలో వ్రాయించండి.